ఏడో తరగతి పిల్లలు రాసిన పాప

పదిహేనేళ్లు నేనొక సాఫ్ట్‌వేర్ కంపెనీలో యూజర్ మాన్యువళ్లు రాశాను. శని, ఆదివారాల్లో తెలుగులో కథలు రాసుకునేదాన్ని. ఉద్యోగం మానేశాక ఆ కథల వల్ల దొరికిన గౌరవం ఏమిటంటే, మా చుట్టుపక్కల ఇంటర్నేషనల్ స్కూళ్లు ఏటా జరుపుకునే సాహిత్యోత్సవాలకి నన్ను పిలవడం. ఇంగ్లీషు రచయితలకి ఆడిటోరియం ఇస్తారు, తెలుగువాళ్లకి లైబ్రరీ. దానికి నేనెప్పుడూ నొచ్చుకోలేదు. లైబ్రరీలో పిల్లలు దగ్గరగా కూర్చుంటారు, మైకు అక్కర్లేదు.

ఆ ఏడాది వెళ్లింది నానక్‌రామ్‌గూడ వైపున్న ఒక బడికి. నాతోపాటు పిల్లల పాటలు రాసే ఒక పెద్దాయన వచ్చారు. కాకినాడ వైపు మనిషి, చాలాకాలంగా బాచుపల్లిలో ఉంటున్నారు. ఆయన పొద్దున చిన్న తరగతులకి పాటలు నేర్పారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏడో తరగతి నాకు వచ్చింది.

కథ ఎలా రాయాలో చెబితే ఆ వయసు పిల్లలు వినరు. అందుకని వాళ్లచేత ఒకటి రాయిస్తాను. "మీ ఇంటి కిటికీలోంచి రోజూ కనిపించే ఒక మనిషి గురించి రాయండి. ఆ మనిషి ఏం చేస్తుంటే చూశారో అదే రాయండి. కల్పించొద్దు. ఇది పరీక్ష కాదు కాబట్టి మీ పేరు కూడా వద్దు" అన్నాను. పావుగంట సేపు లైబ్రరీలో పెన్సిళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. బెల్ కొట్టగానే కాగితాలు నా ముందు పడేసి బస్సుల దగ్గరికి పరిగెత్తారు.

క్యాబ్ రావడానికి టైముంది. పెద్దాయన టీ తాగుతున్నారు. మమ్మల్ని పిలిచిన తెలుగు టీచరు కుర్చీలు సర్దిస్తోంది. నేను కాగితాలు చదవడం మొదలుపెట్టాను. జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద నడుస్తూ ఏడ్చే అంకుల్, స్విమ్మింగ్ పూల్‌లో రాలిన ఆకులు తీసే తాత, బాల్కనీలో ఫోన్‌తో పోట్లాడే అక్క. బాగున్నాయి. సగం ఇంగ్లీషు మాటలు, వంకర అక్షరాలు, కానీ అన్నీ నిజంగా చూసినవే.

ఆ తర్వాత ఒకదాంట్లో గోడల్లేని బిల్డింగ్‌లో బట్టలారేసే ఆంటీ వచ్చింది. మరో నాలుగు కాగితాల తర్వాత మళ్లీ ఆమే. కట్ట పూర్తయ్యేసరికి అలాంటివి ఐదు తేలాయి. వాటిని పక్కన పెట్టి వరసగా మళ్లీ చదివాను. ఐదింటిలో నాలుగు కాగితాల్లో ఆంటీ వెనక ఒక చిన్న పాప కూడా ఉంది.

"ఒకరిది చూసి ఒకరు రాసేసుంటారండీ. పిల్లలు కదండీ" అన్నారు పెద్దాయన.

టీచరు చేతిరాతలు చూసి తల అడ్డంగా ఊపింది. "వీళ్లు ఒక బెంచీ వాళ్లు కారు సార్. ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లు కూడా కాదు. అపార్ట్‌మెంట్లూ వేరే." కిటికీ దగ్గరికి వెళ్లి బ్లైండ్స్ పైకి లాగింది. "బిల్డింగ్ మాత్రం అదే అయ్యుంటుంది మేడమ్."

బడి వెనక గేటుకి ఎదురుగా సగంలో ఆగిపోయిన టవర్. స్తంభాలు, స్లాబులు, పైన తుప్పు పట్టిన ఇనుప చువ్వలు. కోర్టు కేసులో ఉందని, లోపల ఎవరూ ఉండరని టీచరు చెప్పింది. నాలుగో అంతస్తులో రెండు స్తంభాల మధ్య ఒక తాడు, దాని మీద చీర ఒకటి, చొక్కాలు కొన్ని. గాలికి చీర లోపలివైపు ఊగుతోంది. మనుషులెవరూ లేరు.

ఎవరో ఉంటున్నారనడానికి ఆ బట్టలే సాక్ష్యం. చుట్టూ ఉన్న అపార్ట్‌మెంట్లన్నిటికీ ఆ టవర్ కనిపిస్తుంది. అందరూ ఆమెని చూడటంలో వింతేమీ లేదు. అలా సర్దిచెప్పుకున్నాను గానీ ఒక వాక్యం మాత్రం మనసులో గుచ్చుకుని ఉంది. 'ఆ పాప వర్షం వచ్చినప్పుడు కూడా లోపలికి వెళ్లదు' అని రాసిందో పిల్ల. గోడల్లేని ఇంట్లో లోపల అంటే ఎక్కడ?

పెద్దాయన క్యాబ్ ముందొచ్చింది. నా డ్రైవరు వెనక గేటు దగ్గరికి వస్తానని ఫోన్ చేశాడు. ఆ ఐదు కాగితాలు బ్యాగులో పెట్టుకున్నాను. చదివి తిరిగి పంపుతానని టీచరుకి చెప్పాను.

వెనక గేటు దాటితే రోడ్డుకి అవతల టవర్ చుట్టూ రేకుల కంచె. రేకు తలుపు తెరిచే ఉంది. లోపల ఇటుకల మీద ఒకామె కూర్చుని పళ్లెంలో బియ్యం ఏరుతోంది. నలభైకి లోపే ఉంటుంది.

"ఎవలు గావాలె మేడమ్?" అంది.

"ఎవరూ వద్దమ్మా. పైన బట్టలారేసేది మీరేనా?"

ఆమె మొహం బిగుసుకుంది. "ఏమన్న తప్పా? సార్లకు చెప్పినం. కింద ఆరేస్తే దుమ్ముకు మల్ల ఉతకాలె. మేమే ఉంటం ఈడ, వాచ్‌మెన్ పని మాది. ఆయన ఇంకో సైటుకు పొయ్యిండు."

తప్పేమీ లేదని, బడిపిల్లలు ఆమె గురించి రాశారని చెప్పాను. ఆమె కాసేపు నమ్మలేదు. ఆ తర్వాత పళ్లెం ఒళ్లోంచి దించి, పక్కనున్న ఇటుకల మీద దుమ్ము కొంగుతో దులిపి నన్ను కూర్చోమంది.

"ఏం రాసిన్రో జర సదువున్రి. నాకు సదువు రాదు."

పాప లేని కాగితం ముందు చదివాను. "ఎదురు బిల్డింగ్‌కి గోడలు లేవు. ఒక ఆంటీ బట్టలు ఆరేస్తుంది. పాట పాడుతుంది అనుకుంటా, నోరు కదులుతుంది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నోరు గూడ గనవడ్తదా గీ పోరగాళ్లకు."

నాకు ధైర్యం వచ్చింది. రెండోది తీశాను. "ఆంటీ వెనక ఒక చిన్న పాప ఉంటుంది. రెడ్ బకెట్ పక్కన నిలబడి ఆంటీ చీర పట్టుకుంటుంది." చదివి, నవ్వుతూనే అడిగాను, "మీ పాప ఏ బడికి పోతుందమ్మా?"

ఆమె నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు కిందికి దించింది. పక్కన కాంక్రీటు గోలెంలో నీళ్లు పడుతున్న చప్పుడు నాకు ఒక్కసారిగా వినిపించడం మొదలైంది.

"మల్ల సదువున్రి" అంది.

మళ్లీ చదివాను. ఇంకోటి చదవమంది. "ఆ పాప రోజూ ఒకే డ్రెస్ వేసుకుంటుంది. గ్రీన్ ఫ్రాక్." అక్కడ ఆపాను. నేనేదో చేయకూడనిది చేస్తున్నానని అప్పటికి అర్థమైంది.

"నాకు పిల్లలు లేరు మేడమ్. ఉండె, ఒక్క బిడ్డ. పోయిన వానకాలం గాదు, ముందటి వానకాలం జరమొచ్చింది. సెల్లార్ల నీళ్లు నిలిచి దోమలు మస్తయినయి. మూడు దినాలున్నది దవాఖానల." ఆమె గొంతులో వణుకు లేదు. "గా పచ్చ గౌను తొడిగే దాన్ని పంపినం. గా గౌను ఇంట్ల లేదు ఇగ."

"పిల్లలు అప్పుడెప్పుడో చూసింది గుర్తుపెట్టుకుని రాసుంటారమ్మా" అన్నాను. నా కోసమే అన్నాను ఆ మాట.

ఆమె కంచెవారగా ఉన్న ఎర్ర బకెట్ చూపించింది. "ఇది మొన్న దసరాకు కొన్న. బిడ్డ ఉన్నప్పుడు నీలిది ఉండె."

సాయంత్రం ఎండ నేరుగా మా మీద పడుతోంది. లేచి వెళ్లిపోవాలనిపించింది. కానీ ఆమె కళ్లు నా చేతిలో మిగిలిన కాగితాల మీదే ఉన్నాయి.

"ఏడుస్తున్నట్టు రాసిన్రా ఎవలన్న?"

అన్నీ వెతికాను. నిజంగానే వెతికాను. "లేదమ్మా. ఎవరూ రాయలేదు."

వర్షం మాట ఉన్న కాగితం చదవకుండా కిందికి తోసేశాను. ఆఖరిది మిగిలింది. అది చదవాలా వద్దా అని తటపటాయించి చదివాను. "నేను చెయ్యి ఊపితే పాప కూడా ఊపుతుంది. ఆంటీకి తెలీదు."

ఆమె చెయ్యి చాపి ఆ కాగితం తీసుకుంది. అక్షరాల మీద వేలు జరిపి చూసింది. "ఇది నాకియ్యున్రి" అంది. ఇచ్చాను. బ్లౌజులోంచి ఆధార్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవరు తీసి, కాగితం నాలుగు మడతలు పెట్టి అందులో దాచుకుంది.

"నేను ఎన్నడు ఎనకకు మర్రి చూడలె మేడమ్. ఆరేసేటప్పుడు రోడ్డు దిక్కే జూస్త" అంది. ఆ తర్వాత బకెట్ పట్టుకుని, బట్టలు తెచ్చుకోవాలంటూ రెయిలింగు లేని మెట్లెక్కింది. నన్ను రమ్మనలేదు. పిలిచినా వెళ్లేదాన్ని కాదు.

నేను రోడ్డు మీదికి వచ్చేసరికి క్యాబ్ నిలబడి ఉంది. తలెత్తి చూశాను. నాలుగో అంతస్తులో ఆమె చొక్కాలు తీసి భుజాన వేసుకుంది. చీర తీసి మడత పెట్టింది. అప్పుడు మెల్లగా వెనక్కి తిరిగి, రోడ్డుకి వీపు పెట్టి నిలబడింది. తర్వాత ఒంగి కూర్చుంది. నాకు వేరే ఎవరూ కనిపించలేదు. ఆమెకి ఏం కనిపించిందో నేను అడగలేదు, ఆ తర్వాత ఆమెని కలవనూ లేదు.

నాలుగు కాగితాలు బడికి పంపి, ఒకటి పోయిందని టీచరుకి అబద్ధం చెప్పాను. బడి గోడ మీద మిగతా పిల్లలవి పెట్టారు. ఇవి పెడితే తల్లిదండ్రులు ఏమంటారోనని టీచరు తీసి పక్కన పెట్టిందట.

రెండు నెలల తర్వాత టీచరే ఫోన్ చేసింది. కేసు తేలిందని, టవర్‌లో మళ్లీ పని మొదలైందని, వాచ్‌మెన్ దంపతుల్ని కొల్లూరు వైపు సైటుకి పంపేశారని చెప్పింది. చెప్పాల్సిన విషయం అది కాదని ఆమె గొంతులోనే తెలుస్తోంది.

"పిల్లలు క్లాసులో చెప్పుకుంటుంటే విన్నాను మేడమ్. ఆదివారం పొద్దున సామాను ట్రాలీ ఆటోలో పెట్టుకుని వెళ్లిపోయారట. పాప మూటల మీద కూర్చుందట. ఆంటీ దాని నెత్తి మీద కొంగు కప్పిందట, ఎండకి."

బెల్ కొట్టారంటూ ఆమె ఫోన్ పెట్టేసింది.