నూట పన్నెండు మెట్ల చదువు

రుఫైదా మా పై ఇంటి పిల్ల. పిల్ల అంటున్నాను గానీ నలభై ఆరేళ్లు. నాకు అరవై ఎనిమిది కాబట్టి నా నోటికి అలాగే వస్తుంది. మా ఊరు అమ్మాన్‌లోనే ఒక ఇంజనీరింగు కంపెనీలో ఇరవై ఒక్కేళ్లుగా పనిచేస్తోంది. కట్టడం ఎవరిదైనా సరే, ఏ పని ఎప్పుడు మొదలవ్వాలి, దేని తరవాత ఏది రావాలి అనే పట్టిక వేసేది ఆమే. సంతకం మాత్రం వేరేవాళ్లది.

ఒకరోజు వాళ్ల విభాగానికి కొత్త అధికారి వచ్చాడు. పేరు ఉసైద్, ముప్ఫై ఒక్కేళ్ల కుర్రాడు. వచ్చిన మూడోరోజే ఈమె బల్ల దగ్గర నిలబడి, "ఇంజనీర్ రుఫైదా గారూ, ఈ పట్టిక ఎలా వేస్తారో కొంచెం చెప్తారా? మధ్యాహ్నం పైవాళ్లకి చూపించాలి" అని అడిగాడట. ఈమె ఓపిగ్గా నేర్పి, టీ కూడా ఇప్పించి, తిన్నగా డైరెక్టరు గదిలోకి వెళ్లి, ఆ కుర్చీ తనకెందుకివ్వలేదని అడిగింది.

"నీకు పని వచ్చమ్మా, ఎవరు కాదన్నారు?" అన్నాడాయన. "అతనికి పని వచ్చని చెప్పే కాగితం ఉంది. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్."

ఆ సాయంత్రం రెండు చేతుల్లో సంచులతో మెట్లెక్కుతూ, మా గుమ్మం ముందు కూలబడింది.

"పిన్నీ, నేనూ ఆ కాగితం తెచ్చుకుంటా."

"ఈ వయసులోనా?"

"వయసు తగ్గేదాకా ఆగమంటావా?"

ఇక నేనేమంటాను!

వాళ్లింట్లో పెద్ద పంచాయితీ ఏమీ జరగలేదు. మొగుడు హైసమ్‌కి కింద బజారులో కళ్లజోళ్ల కొట్టు. మంచివాడే, కాకపోతే ఏ పనైనా రేపు చేస్తాననే రకం. "చదువుకో, ఎవరొద్దన్నారు? మరి వంట?" అన్నాడు. యూనివర్సిటీలో రెండో ఏడు చదువుతున్న కూతురు లమీస్ వెంటనే, "నాన్నా, నీకు చేతులు రెండూ బాగానే ఉన్నాయిగా" అంది. వంట సంగతి అంతటితో తేలిపోయింది.

క్లాసులు వారానికి మూడు సాయంత్రాలు. మొదటిరోజు ఈమె చేతిలో ఫైలుతో గదిలోకి అడుగుపెట్టగానే పిల్లలందరూ లేచి నిలబడ్డారట, పాఠం చెప్పే మేడమ్ అనుకుని. ఈమె కంగారులో "కూర్చోండి, కూర్చోండి" అని చెయ్యూపి, వెనక బెంచీకి వెళ్లి కూర్చుంది. నవ్వాలో వద్దో వాళ్లకి తెలీలేదు. సరిగ్గా అప్పుడే అసలు మాస్టారు డాక్టర్ షుక్రి వచ్చాడు. కూర్చుని ఉన్న క్లాసుని చూసి, "నాకు లేవరా?" అన్నాడు. దాంతో గది గొల్లుమంది.

పట్టికలూ పనివరుసా ఈమెకి నల్లేరు మీద నడకే. ఎటొచ్చీ స్టాటిస్టిక్స్ దగ్గర బండి కూరుకుపోయింది. గట్టెక్కాలంటే డెబ్భై రావాలి. మొదటి పరీక్షలో వచ్చింది యాభై ఒకటి. లమీస్ ఆ కాగితం పట్టుకుని ఇల్లంతా తిరిగింది.

"ఏమ్మా, ఇదేనా నీ చదువు? రేపు మీ అమ్మానాన్నల్ని తీసుకురా, నేను మాట్లాడాలి!"

"నోరు ముయ్యవే! ఈ సగటు పక్కన ఇంకో గీత ఎందుకుందో చెప్పు ముందు."

అలా కూతురు పంతులమ్మ అయింది. వంటింటి బల్ల మీద ఎర్ర పప్పు, తెల్ల చిక్కుడు గింజలు కలిపి పోసి, కళ్లు మూసుకుని గుప్పెడు తియ్యి, లెక్కపెట్టు, మళ్లీ తియ్యి అంటూ నేర్పింది. రెండోసారి డెబ్భై ఎనిమిది. ఆ గింజలు ఏరుకోలేక వారం రోజులు హైసమ్ రెండూ కలిపే వండాడు.

రెండో ఏడు థీసిస్ దగ్గరికి వచ్చింది. "చేత్తో ముట్టుకునే పని ఒకటి ఎంచుకో" అన్నాడట డాక్టర్ షుక్రి. రుఫైదా మా మెట్లని ఎంచుకుంది.

మా వీధి అంటే మెట్లే. నూట పన్నెండు. అందులో సగం విరిగినవే. మా ఆడపడుచు అక్కడే జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. బాగుచేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాం, అనుకోవడంతోనే సరి. రుఫైదా అనుమతి తెచ్చింది, రాయీ సిమెంటూ ఇవ్వడానికి పేట సంఘాన్ని ఒప్పించింది, దర్వీష్ అనే మేస్త్రీని కుదిర్చింది. ఇంటింటికీ తిరిగి అందరి పేర్లూ రాసుకుంది.

ఒకనాడు ఆ ఫైలు మా ఇంట్లో మరిచిపోయింది. తెరిచి చూశాను. చూడకూడదనుకోండి, చూశాను. పద్నాలుగో వరసలో నేనున్నాను. "ఉమ్ నదీమ్. పలుకుబడి: ఎక్కువ. ఆసక్తి: లేదు. ఒప్పించడం: కష్టం."

వెనక్కి తీసుకుపోవడానికి వచ్చినప్పుడు వదల్లేదు.

"ఏమే పిల్లా, నేను కష్టమా?"

మొహం కందగడ్డలా అయింది. "అది... పుస్తకం పద్ధతి పిన్నీ. అందరికీ రాయాలి."

"కూరగాయల అబూ సరీకి 'సులభం' అని రాశావే! మెట్ల మీద పెట్టెలు పేర్చేది వాడేగా!"

"రెండు మెట్లు మింగేసిన మల్లెతొట్టి ఎవరిది పిన్నీ?"

తొట్టి నాదే. ఆ మల్లెతీగ మా ఆయన పెట్టిన మొక్క. కదిపితే చస్తుందని నా భయం. ఆ మాటే చెప్పాను. ఆమె వాదించలేదు. మరమియ్యా ఆకు వేసిన టీ తాగుతూ, "సరే, మెట్లు బాగైతే నీకేం కావాలి?" అని పెన్ను తీసింది. ఇంతకాలం ఆ మాట నన్నెవరూ అడగలేదు. పట్టుకోడానికి కడ్డీ, సగం దారిలో సంచి దించుకునే రాతి అరుగు, తీగకి గోడవార మట్టి అన్నాను. మూడూ రాసుకుంది. మూడూ ఇచ్చింది. తీగ నెలరోజులు అలిగి ఆకు రాల్చి, మళ్లీ చిగురేసింది.

పని మొదలైంది. రుఫైదా ఏమేం చెడిపోవచ్చో ఇరవై మూడు ముప్పులు రాసి, ఒక్కోదానికీ విరుగుడు పెట్టుకుంది. వాన, మేస్త్రీకి జ్వరం, రాయి ఆలస్యం, పెళ్లి ఊరేగింపు, అన్నీ. మాకు నీళ్లొచ్చేది వారానికోసారి, మంగళవారం పొద్దున. ఆరోజు ఎవరి మిద్దె మీది ట్యాంకూ పొంగకుండా చూసుకోమని ఇంటింటికీ చీటీ పంచి, ట్యాంకులెలా ఉన్నాయో అడిగి చూసుకుంది. సోమవారం దర్వీష్ పైనున్న ఇరవై మెట్లకి గచ్చు పూర్తిచేసి, చెయ్యి తుడుచుకుని వెళ్లాడు.

మంగళవారం తలుపు తీసేసరికి మెట్ల మీద బూడిదరంగు వాగు! పచ్చి గచ్చంతా కరిగి కిందికి పోతోంది. అబూ సరీ కింది నుంచి కేకలు: "ఎవరి ట్యాంకురా అది? ఎవడా బుద్ధిలేనివాడు?" జనం తలలెత్తి మిద్దెలు చూసుకుంటూ పైకెక్కారు. నీళ్లు రుఫైదా ఇంటి గోడ మీంచే జారుతున్నాయి. మిద్దె మీద హైసమ్, పైకి మడిచిన పైజామాతో, ట్యాంకులో నీళ్లు ఆపే బంతి విరిగిన ముక్క చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. రెండేళ్లుగా రేపు మారుస్తానంటున్న బంతి అది.

దర్వీష్ వచ్చి చూశాడు. మీసం కింద నవ్వు దాచుకోలేక, "ఇంజనీరమ్మా, మీ ఇరవై మూడింట్లో ఇది ఎన్నోది?" అన్నాడు.

 రుఫైదా మొగుడి వంక చూడనైనా లేదు. లోపలికెళ్లి చీపురు తెచ్చి, పై మెట్టు నుంచి ఆ బురద ఊడ్చడం మొదలెట్టింది. కాసేపటికి హైసమ్ ఇంకో చీపురుతో వెనకే దిగాడు. ఆ తరవాత లమీస్. చివరికి నేనూ దిగాను.

పని తొమ్మిది రోజులు వెనకబడింది. ఆ వారమే నా దగ్గరికొచ్చి, టీ ముట్టకుండా కూర్చుంది.

"పిన్నీ, ఇది థీసిస్‌లో రాయకపోతే?"

"వీధంతా చూసిందిగా."

"డాక్టర్ షుక్రి చూడలేదు."

"అయితే రాయకు."

ఆ మాటకి నా వంక కోపంగా చూసింది. సలహా అడిగితే ఇచ్చాను, నాదేం తప్పు? లేచి వెళ్లిపోయింది. తరవాత తెలిసింది, ఆ ట్యాంకు మీద ఏకంగా ఒక అధ్యాయమే రాసిందని.

థీసిస్ పరీక్షకి అందరూ వెళ్లొచ్చు కదా, మేం పదకొండుమందిమి వెళ్లాం. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు సన్నగా, చిరాగ్గా ఉన్నాడు. కాగితాలు తిప్పి అడిగాడు: "ఊళ్లోవాళ్ల ట్యాంకులన్నీ తనిఖీ చేశారు. మీ ఇంటిది మీకు కనపడలేదా?"

"రోజూ కనపడేది సార్. ఊళ్లో అందరినీ అడిగాను, మా ఇంట్లో మాత్రం అడగలేదు. నాకు తెలుసనుకున్నాను."

హైసమ్ చటుక్కున లేచాడు. "అయ్యా, తప్పు నాది. బంతి నేనే..."

"నాన్నా, కూర్చో!" అని లమీస్ చొక్కా పట్టి లాగింది. ఆ చిరాకు మనిషి కూడా నవ్వేశాడు.

అరగంట బయట నిలబెట్టి, లోపలికి పిలిచి, "చాలా బాగుంది" అనే శ్రేణిలో పాసైందన్నారు. పై శ్రేణి 'అత్యుత్తమం' రాలేదు. ఆ తొమ్మిది రోజులే తిన్నాయేమో, మాకు చెప్పలేదు. పెళ్లిళ్లలో ఆడవాళ్లం పెట్టినట్టు నాలుకాడిస్తూ నేను పెట్టిన కేకకి వరండాలో జనం తిరిగి చూశారు. హైసమ్ అక్కడికక్కడే పళ్లెం నిండా కునాఫా మిఠాయి తెప్పించాడు. డాక్టర్ షుక్రి రెండుసార్లు పెట్టించుకున్నాడు.

ఆఫీసులో ఉసైద్ కుర్చీ ఉసైద్‌కే ఉంది. "కుర్రాడు మంచివాడే పిన్నీ, నేర్చుకుంటున్నాడు" అంటుంది. ఈమెకి దూరాన కరక్ ఊళ్లో కడుతున్న ఆరోగ్య కేంద్రం మొత్తం అప్పగించారు. పట్టిక ఆమెదే, సంతకమూ ఆమెదే. ఎండకి మొహం నల్లబడింది, గొంతు పెద్దదైంది. శుక్ర, శని సెలవులకి గురువారం సాయంత్రం వస్తుంది, ఆదివారం తెల్లారి వెళ్తుంది.

నిన్న ఫోన్ చేస్తే ఒక్క ముక్క వినపడలేదు. వెనక కాంక్రీటు పోస్తున్నారట. "మళ్లీ చేస్తా పిన్నీ!" అని అరిచి పెట్టేసింది. ఇంకా చెయ్యలేదు.