ఒప్పియస్ గారి పలెస్ట్రా

మా ఒప్పియస్ గురువుగారికి ఒకటే పిచ్చి. ఏది చూసినా ‘ఇదీ పలెస్ట్రాయే’ అనేవారు.

పలెస్ట్రా అంటే కుస్తీ బడి అని మా ఊరు నూకేరియాలో గాడిదలు తోలేవాడికి కూడా తెలుసు. కుస్తీ విద్యనూ అలాగే అంటారు. ఉపన్యాస సాధననూ, నిలబడటంలోని ఒడుపునూ చదువుకున్నవాళ్లు ఆ మాటతోనే చెబుతారు. గురువుగారు అంతటితో ఆగితే బాగుండేది. చేపల బజారులో బేరం పలెస్ట్రా, ఇరుకు చెప్పులో కాలు దూర్చడం పలెస్ట్రా. శనగల పులుసు మాడిందని భార్యతో గొడవపడి, గరిటె దెబ్బ తిని వచ్చి, అది పదకొండో అర్థమని మాచేత రాయించారు.

ఆయన నేర్పవలసింది ఉపన్యాసం. నేర్పింది మాత్రం ఇసుకలో. ఎదుటివాడు నడుం పట్టి బిగిస్తుంటే మేం ఊపిరికో ముక్క చొప్పున మాట్లాడాలి. కిందపడినా ఫరవాలేదు, మాట ఆగితే ఓడినట్టు. ఆయనా బరిలోకి దిగేవారు. ప్రతిసారీ వెల్లకిలా పడి, ఒంటికి ఇసుక పడక ఇరవై తుమ్ములు తుమ్మి లేచేవారు. వక్తల్ని చేయమని పంపితే మల్లుల్ని చేస్తున్నాడని ముగ్గురు తండ్రులు పిల్లల్ని మాన్పించారు. ఊరు ఆయనకు పిచ్చి ఒప్పియస్ అని పేరు పెట్టింది.

నాకు నత్తి. అందులోనూ ‘ప’ దగ్గర మరీ ఇబ్బంది. నన్ను పెంచింది మా పెద్దమ్మ నాయిస్. ఒకప్పుడు బానిస. ఆమె యజమాని చనిపోయే ముందు మిత్రుల ఎదుట ఆమెను బానిసత్వం నుంచి విడిచిపెట్టాడు. ఇన్నేళ్లకు ఆయన అన్నకొడుకు వచ్చి, అదంతా అబద్ధం, ఈమె నా సొత్తు అన్నాడు. అలాంటి వ్యాజ్యంలో ఆమె తన తరఫున తాను మాట్లాడకూడదు. పౌరుడెవరైనా ఆమె భుజం మీద చెయ్యి వేసి మాట్లాడాలి. ఆమెకు నేను తప్ప ఎవరూ లేరు.

న్యాయస్థానంలో చెయ్యి వేశాను. “ప... ప...” దగ్గరే ఆగిపోయాను. అన్నకొడుకు నవ్వాడు. ఇంతలో వెనకనుంచి ఎవరో నా నడుం పట్టి బిగించారు. మెడ మీద తుమ్ము పడింది.

“ఏమిటయ్యా ఇది?” అన్నాడు న్యాయాధికారి.

“పలెస్ట్రా అండీ,” అన్నారు గురువుగారు. నా చెవిలో మాత్రం, “ఊపిరికో ముక్క, వరేనస్,” అన్నారు.

‘పెద్దమ్మ’ అన్న మాట బయటికొచ్చింది. దాని వెనకే మిగతావీ వచ్చాయి. విడుదల చూసిన మిత్రుల్లో ఇద్దరు బతికే ఉన్నారని చెప్పి, వాళ్లను పేరుపెట్టి పిలిచాను. వాళ్లు సాక్ష్యం చెప్పారు. సాయంత్రానికి పెద్దమ్మ స్వేచ్ఛగా ఇంటికి నడిచింది.

దారిలో, బడిలో ఇసుక పోసే ముసలి కార్పస్ ఎదురయ్యాడు. “మీ గురువు ముప్ఫై ఏళ్లు కుర్చీ దిగకుండా చెప్పాడయ్యా పాఠాలు. నువ్వొచ్చిన రోజు నీ నత్తికి అందరూ నవ్వారు. ఈ ఊపిరి సాధన నీ ఒక్కడిచేత చేయిస్తే ఇంకా నవ్వుతారని, అందర్నీ ఇసుకలోకి దింపాడు. ఆ అర్థాలన్నీ పడుకోబోయే ముందు కూచుని కల్పించినవే,” అన్నాడు.

నా జీవితంలో అంత కృతజ్ఞత ఇంకెవరి పట్లా కలగలేదు. మర్నాడు కాళ్ల మీద పడదామని పరుగున వెళ్లాను. ఇసుక ఎత్తించేసి బల్లలు వేయించారు. గురువుగారు కుర్చీలో హాయిగా కూచున్నారు. తుమ్ముల్లేవు.

“మరి పలెస్ట్రా, గురువుగారూ?” అన్నాను. మాట ఎక్కడా తడబడలేదు.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు.

“కుస్తీ బడిరా,” అన్నారు. “ఆమాత్రం తెలీదూ?”