గరుకు చేతులు

గద్వాలలో ఒక హైస్కూల్లో నేను పీఈటీని. ఈ రోజు పొద్దున్న పిల్లలు చలికి వణుకుతూనే కబడ్డీ ప్రాక్టీసుకు వచ్చారు. రేపే వనపర్తిలో పోటీలు. కూతకు వెళ్తే ఉత్త చేతులతో తిరిగిరాని మా తొమ్మిదో తరగతి మౌనిక మాత్రం చేతులు చున్నీలో దాచుకుని గీత అవతలే నిలబడింది.

నాకు కోపం వచ్చింది. "ఏందమ్మా, రేపు పోటీ పెట్టుకొని గిట్ల నిలబడితే ఎట్ల?" అన్నాను.

అరచేతులు చూపించింది. చలికి పగిలి, నేలకు గీరుకుపోయి ఉన్నాయి.

"అమ్మకు నడుము నొప్పి సార్. మగ్గం మీద నేనే కూసుంటున్న. నిన్న నా చెయ్యి తగలంగనే పట్టుపోగు లేసింది. చీర ఖరాబైందని నాయిన మస్తు తిట్టిండు. ఇగ ఆడొద్దన్నడు."

"జర వాసెలిన్ రాసుకోరాదు?"

"జిడ్డు మరకైతది సార్. మరక పడితే సేటు చీర తీసుకోడు."

మౌనిక జెర్సీ తిరిగి ఇచ్చేసింది. ఉతికి, చీరను మడిచినట్టే అంచుకు అంచు కలిపి మడిచి తెచ్చింది. రేపు ఆమె లేకుండానే బస్సెక్కుతాం.

గద్వాల చీర ఎంతో మెత్తగా ఉంటుందని అందరూ మెచ్చుకుంటారు. మీ బీరువాలో ఒకటి ఉంటే బయటికి తీసి ఒకసారి చేత్తో నిమిరి చూడండి. ఎక్కడా గరుకు తగలకపోతే కింద కామెంట్ పెట్టండి. మౌనికకు చూపిస్తాను.