మావయ్య చీతా, సోమ్రా చీతా

ఎనభైల మొదట్లో ఒక ఆదివారం. ఉదయం పదిన్నరకు నేనూ, అప్పారావు మావయ్యా భాలుబాసాలోని మా ఇంటి నుంచి సాక్చి బస్టాండుకు పరుగులాంటి నడకతో బయలుదేరాం. కారణం మావయ్య నోరే.

మావయ్య కెన్యాలో పదేళ్లు లారీ మెకానిక్‌గా చేసి వచ్చాడు. ఇప్పుడు గోవింద్‌పూర్‌లో ఒక షెడ్డులో పని. అక్కడ రోజూ చీతాల కబుర్లే. అది పట్టపగలే వేటాడుతుందనీ, గట్టిగా అరిస్తే నోటి దగ్గరి వేటనైనా వదిలేసి పోతుందనీ చెప్పేవాడు. తోటి పనివాడు సోమ్రా శ్రద్ధగా వినేవాడు. శనివారం సాయంత్రం, “మా ఊళ్లోనూ చీతా తిరుగుతోంది చాచా. ఇక భయం లేదు, రాత్రి మేకల దగ్గర ఆరుబయటే పడుకుంటా” అని చెప్పి వెళ్లాడు.

మర్నాడు ఇడ్లీ తింటుండగా మావయ్యకు అసలు సంగతి తట్టింది.

“ఓలమ్మో! మన దేశంలో చీతాలెక్కడున్నాయే? ఇక్కడోళ్లు హిందీలో చిరుతపులినే చీతా అంతారు! అది రాత్రే తిరుగుతాది. ఆడు బయట తొంగున్నాడు!”

పదకొండుకు బస్సు కదిలింది. కిటికీ సీటు దొరికినా మావయ్య కూర్చోలేదు. సువర్ణరేఖ వంతెన దాటుతుంటే కండక్టరు హిందీలో, “మీరు నిలబడితే బస్సు తొందరగా పోదు చాచా” అన్నాడు.

పన్నెండుకు దల్మా కొండ దిగువన దిగి, మట్టిబాటలో సోమ్రా ఊరికి అరగంట నడిచాం. వెళ్లేవాళ్లు నీళ్లు వెంట ఉంచుకోవాలి. దారిలో ఎక్కడా దొరకవు.

సోమ్రా గుమ్మంలో కూర్చుని తాపీగా అన్నం తింటున్నాడు. మావయ్య అక్కడే చతికిలబడ్డాడు.

“మీరు చెప్పింది నిజం చాచా! తెల్లవారుజామున వచ్చి మేక మెడ పట్టింది. కంచం వాయించి అరిచా. వదిలేసి, ఆ చెట్టెక్కి అవతలికి దూకింది.”

మేక మెడకు పసుపు రాసి ఉంది. మావయ్య చెట్టు కింద తడిమట్టిలో అడుగులు చూపించాడు. “గోళ్ల గుర్తులున్నాయేటమ్మా? లేవు. చీతాకైతే కనబడతాయి.” తర్వాత సోమ్రాకు హిందీలో చెప్పాడు: చీతాకు సన్న నడుము, పొడుగు కాళ్లు, కంటి నుంచి నోటిదాకా కన్నీళ్లు కారినట్టు నల్లచారలు. లేడి వెంట కాసేపు పరుగెత్తిందంటే ఆయాసంతో కూలబడుతుంది. రాత్రి వచ్చిన ఈ చిరుతపులి సంగతి వేరు, మనిషిని కూడా చంపగలదు.

సోమ్రా మేకను దగ్గరికి లాక్కున్నాడు. “నాకు తెలిసిన చీతా ఇదే కదా! చిన్నప్పటి నుంచీ భయమే. మీ మాట విన్నాకే ధైర్యం వచ్చింది.”

“ఆ ధైర్యం నాకు తిరిగిచ్చీ బాబూ” అని మావయ్య దండం పెట్టాడు.

నాలుగింటిదాకా ఇద్దరూ కలిసి మేకల పాకకు రేకు తలుపు బిగించారు. లోపలే పడుకుంటానని సోమ్రా మాటిచ్చాకే కదిలాం.

తిరుగు బస్సు ఐదింటికి. జంతువు పేరు వింటే సరిపోదు, దాని ముఖమెలా ఉంటుందో కూడా అడగాలని ఆ ప్రయాణంలో తెలుసుకున్నాను. మా మాటలు వింటున్న వెనక సీటాయన చీతా ఎలా గర్జిస్తుందని అడిగాడు.

“గర్జించదు” అని మావయ్య కిచకిచమని కూసి చూపించాడు.

పక్కన గంప పట్టుకుని కూర్చున్న ముసలమ్మ గబుక్కున మూత తీసి, తన కోడిపిల్లలను లెక్కపెట్టుకుంది.