ఇంజను మీద నాలుగు అక్షరాలు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో మోటారు సైకిలు ఒక్కటే ఉండేది. అది మా మామది, అంటే మా అమ్మ తమ్ముడిది. యుద్ధం రోజుల్లో ఆయన బెంగళూరులో పటాలం బండ్లు బాగుచేసే షెడ్డులో పనిచేశాడు. యుద్ధం ముగిశాక పాత బండ్లను వేలం వేస్తే, చేతిలో ఉన్నదంతా పెట్టి ఒకటి కొనుక్కొని, మడకశిర మీదుగా తోలుకుంటూ ఊరు చేరాడు. అప్పటికి నేను ఇంకా ఉయ్యాల్లో ఉన్నానట. నాకు ఊహ తెలిసేసరికి ఆ బండికి రంగు పోయింది, సీటు చిరిగింది, దాని చప్పుడుకు మా వీధి కుక్కలు మొరగడం కూడా మానేశాయి.

ఇంజను పక్కన ఇనుములో పొడిచిన నాలుగు ఇంగ్లీషు అక్షరాలుండేవి. డబ్ల్యూ, డి, సి, ఓ. వాటి సంగతి చెప్పమంటే మామకు ఆకలి కూడా గుర్తుండేది కాదు. తుండుగుడ్డతో మసి తుడిచి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చెప్పేవాడు. "ఈ మొదటి రెండూ యుద్ధం ఆఫీసు సొత్తని గుర్తు. ఈ కొక్కెం దీని ఇంటిపేరు. కడాన సున్న ఉండాదే, అసలు సంగతంతా దాంట్లోనే ఉండాది. వాల్వులు ఇంజను నెత్తిన ఉండాయని చెప్పేది అదే. సున్న లేకుండా వట్టి కొక్కెం ఉంటే వాల్వులు పక్కన ఉండాయని."

మడకశిర బస్టాండులో ఎవరి బండి ఆగినా మామ వంగి దాని అక్షరాలు చూసేవాడు. ఇది పరుగుకు చేసింది, ఇది పక్కన తొట్టి కట్టి బరువు లాగేందుకు చేసింది, దీనికి సిలిండర్లు రెండు, అని మూత తెరవకుండానే చెప్పేవాడు. బండి సొంతదారులే నోరు తెరుచుకొని వినేవారు. ఆయన సి అక్షరాన్ని కొక్కెమనీ, ఓ అక్షరాన్ని సున్న అనీ అంటూంటే, ఇంగ్లీషు వచ్చినవాడు మనకోసం తెలుగు చేసి చెబుతున్నాడని మా ఊరివాళ్ళు అనుకున్నారు. మామకు తెలుగే కూడబలుక్కొని చదవడం వచ్చు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆ షెడ్డులో ఎవరో దొర ఒక్కో గుర్తు చూపించి దాని పని చెబితే, గుర్తుల్ని బొమ్మల్లాగా మనసులో పెట్టుకున్నాడు.

ఊరు అనుకున్నదాన్ని ఆయన కాదనలేదు. కాదనడానికి మొదట్లోనే వీలుంటుంది, తర్వాత ఉండదు. పటాలం నుంచి కాగితం వచ్చినా, తాలూకా ఆఫీసు నుంచి నోటీసు వచ్చినా మామ దగ్గరికే తెచ్చేవారు. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చొక్కా జేబు తడుముకొని, "అద్దాలు ఇంట్లో మర్సిపోయి వచ్చినా. రేపు చెప్తాలే" అనేవాడు. ఆయనకు కళ్ళద్దాలు ఎప్పుడూ లేవు. ఆ కాగితం మరునాడు పొద్దున మా పశువుల దొడ్డిలో నా చేతికి వచ్చేది.

నేను మడకశిర హైస్కూలుకు నడిచి వెళ్ళి చదువుకుంటుండేదాన్ని. మా వీధిలో ఇంగ్లీషు పుస్తకం పట్టిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. మామ గడ్డివామి పక్కన గొంతుక్కూర్చొని, "నువ్వు నాకు కాయితం చెప్పు, నేను నీకు బండి చెప్తా" అన్నాడు. అలా రెండేళ్ళు గడిచాయి. నేను కాగితంలో ఏముందో చెప్పేదాన్ని, ఆయన విని గుర్తుపెట్టుకొని వాళ్ళ ఇంటికి వెళ్ళి చెప్పేవాడు. బదులుగా నాకు బండి గుర్తులన్నీ నేర్పాడు. ఈ సంగతి మా అత్తకు తప్ప ఇంకెవరికీ తెలియదు. చెప్పొద్దని మామ ఒక్కసారి కూడా నన్ను అడగలేదు, చెప్పనని నమ్మాడు.

మూడో ఏడు వానలు పూర్తిగా మొహం చాటేశాయి. వేసిన వేరుశనగ మొలక దగ్గరే మాడిపోయింది. మామ ఎద్దుల్ని సంతకు తోలేశాడు. ఇద్దరు పిల్లలు, మా అత్త, ఎండిన బావి, ఆ బండి మిగిలాయి. ఇంక బండి కూడా అమ్మి బెంగళూరు పోదామని ఆయన అంటున్నాడని, ఊరు వదిలితే మళ్ళీ రామని అత్త ఏడుస్తోందని మా అమ్మ చెప్పింది. ఆ రోజుల్లోనే మా ఊరి దగ్గర కరువు పని కింద రోడ్డు వేయడం మొదలుపెట్టారు.

ఒకరోజు పొద్దున్నే పక్కింటి అవ్వ ఓళిగలు, అదే బొబ్బట్లు, పట్టుకొని మామ ఇంటికి పోవడం చూశాను. పటాలంలో ఉన్న ఆమె కొడుక్కు సెలవు దొరికిందని అంతకు ముందురోజు కాగితం వచ్చింది. చదివింది నేను. నిఘంటువు ముందేసుకొని మరీ చదివాను. ఆ కరువులో ఎక్కడ సంపాదించిందో బెల్లం, నాలుగు ఓళిగలు చేసి మామ చేతిలో పెట్టి, "నీ నోట్లో సెక్కర పొయ్య, ఎంత సల్లని మాట చెప్తివప్పా" అంటోంది. నేను వీధికి ఇవతల నిలబడి ఉన్నాను. అవ్వ నావైపు చూడనైనా చూడలేదు. మామ వాటిని తీసుకొని లోపలికి పోయాడు. పదమూడేళ్ళదాన్ని, క్లాసులో ఇంగ్లీషులో మొదటి మార్కు నాదే. నా చదువు నాది, ఓళిగలు ఆయనవా అనిపించింది.

ఆ మధ్యాహ్నమే రోడ్డు పని చూసే ఇంజనీరు గారి మోటారు సైకిలు మా ఊరి మొదట్లో ఆగిపోయింది. ఆయన కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు. వెంట ఉన్న మేస్త్రీ ఒకాయన అప్పటికే ఇంజను పైమూత ఇప్పడానికి పానా పట్టాడు. కబురు విని మామ వెళ్ళాడు, వీధి వీధంతా వెనకే వెళ్ళింది, నేనూ వెళ్ళాను. మామ దుమ్ము తుడిచి అక్షరాలు చూశాడు. "పైన ముట్టద్దప్పా. దీనికి సున్న లేదు. వాల్వులు పక్కన ఉండాయి" అని మేస్త్రీని ఆపాడు. పక్కనున్న చిన్న మూత ఇప్పి, జేబులోంచి పాత పోస్టుకార్డు ముక్క తీసి, వాల్వు కింద ఆ ముక్క దూరేంత సందు ఉండేలా మర బిగించాడు. రెండో తన్నుకే బండి అందుకుంది.

ఇంజనీరు గారి ముఖం వెలిగిపోయింది. పని దగ్గర రోడ్డు రోలరు, నీళ్ళు తోడే ఇంజన్లు ఉన్నాయనీ, వాటిని చూసుకునే మనిషి కోసమే వెతుకుతున్నాననీ అన్నాడు. మామ ఒళ్ళంతా చెవులు చేసుకొని విన్నాడు. అత్త గుంపులో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంగ్లీషు చదవడం వచ్చా? ఇంజన్ల పుస్తకాలు చూడాల్సి ఉంటుంది" అని ఆయన అడిగితే, మామ నోరు తెరిచేలోగా అవ్వే జవాబిచ్చింది. "వచ్చునే సామీ! మా కాయితాలన్నీ సదివేది ఆయప్పే."

ఇంజనీరు గారు సంచిలోంచి పుస్తకం తీసి ఒక పేజీ తెరిచి మామ చేతికిచ్చాడు. మామ దాన్ని పట్టుకున్నాడు. ఆయన చెయ్యి చొక్కా జేబు దగ్గరికి పోయింది. "అద్దాలు ఇంట్లో మర్సిపోయినా సార్" అన్నాడు.

నేను అక్కడ నోరు మూసుకొని ఉంటే చాలు. ఆ పుస్తకం ఆ సాయంత్రం దొడ్డికి వచ్చేది, మరునాడు మామ పనిలో చేరేవాడు. నేను ముందుకు తోసుకొచ్చి, గట్టిగా, బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు చెప్పాను. "మామకు అద్దాలే లేవు సార్. ఆయనకు ఇంగ్లీషు రాదు. అందరి కాయితాలూ చదివేది నేనే."

మామ నావైపు చూశాడు. కోపం ఉంటే నాకు తేలికయ్యేది. ఆయన తల ఊపాడు. "అవును సార్, అమ్మి చెప్పింది నిజమే" అని పుస్తకం నాకిచ్చి, "చదువమ్మీ, సారుకు వినిపించు" అన్నాడు. చదివాను. గడగడా చదివాను, ఒక్క వాక్యానికీ అర్థం తెలియలేదు. ప్రతి వాక్యంలో నాలుగైదు యంత్రం మాటలు నా నిఘంటువులో లేనివి. మామ మాత్రం ఆ మాటలు వినబడగానే వేళ్ళతో గాలిలో చూపిస్తూ, ఇది ఇక్కడ కదులుతాది, అది అక్కడ ఆగుతాది అని సారుకు చెప్పుకుంటూ పోయాడు. ఇంజనీరు గారు నవ్వి, "సోమవారం వచ్చి కనపడు, ఏదో ఒకటి చూద్దాం" అని బండెక్కాడు. ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడని నేను ఇప్పటికీ నమ్ముతాను.

మా వీధి మాత్రం అలా వదల్లేదు. ఆ రోజు నుంచి మామ ఎదురుపడితే చాలు, "ఏమప్పా, అద్దాలు తెచ్చుకున్యావా?" అని కుర్రకారు ఆటపట్టించారు. అవ్వ మా ఇంటికి వచ్చింది. తన ఇంట్లో దాచుకున్న కాగితాలన్నీ తెచ్చి, వీటిలో ఉన్నది అదేనా, మీ మామ చెప్పిందేనా అని నన్ను మళ్ళీ చదవమంది. అన్నీ మామ చెప్పినట్టే ఉన్నాయి. ఒక్కదాంట్లో మాత్రం కొడుకు ఆసుపత్రిలో ఉన్న సంగతి ఉంది. మామ అది ఆమెకు చెప్పనే లేదు. నేను ఉన్నది ఉన్నట్టు చదివేశాను. ఎప్పుడో నయమైపోయిన జబ్బుకు ఆ ముసలామె అప్పుడు కూర్చొని ఏడ్చింది.

ఇంజనీరు బండి ఆగిన రోజు సాయంత్రమే అత్త మా ఇంటికి వచ్చింది. మోదుగాకులో చుట్టిన రెండు ఓళిగలు నా ముందు పెట్టింది. "పొద్దున్నే నీకని ఎత్తిపెట్టినాడు మీ మామ. సగం నీవంట" అంది. వెళ్ళిపోయింది. వాటిని నేను తినలేదు, పారేయనూ లేదు. రెండు రోజులకు చీమలు పట్టాయి.

సోమవారం మామ పనికి వెళ్ళలేదు. మా నాయన వెళ్ళి ఎంతో చెప్పి చూశాడు. "ఊరి ముందర తలెత్తుకోలేను బావా" అన్నాడట. ఆ వారంలోనే అత్తనూ పిల్లలనూ బస్సెక్కించి, తాను బండి మీద బెంగళూరు వెళ్ళిపోయాడు. అక్కడ ఆ బండి అమ్మేసి, ఒక షెడ్డులో కూలికి చేరాడు. నా పెళ్ళికి వచ్చాడు, నా బిడ్డలను ఎత్తుకున్నాడు. ఆ మాట ఒక్కనాడూ ఎత్తలేదు. క్షమించమని అడగాలని ప్రతిసారీ అనుకున్నాను. ఆయన నవ్వుతూ పలకరించేసరికి, మరిచిపోయాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

ఆయన పోయినప్పుడు నేను టీచరుగా పనిచేస్తున్నాను. కర్మలయ్యాక అత్త ఒక రేకుపెట్టె తెరిచింది. పానాలు, పోస్టుకార్డు ముక్కలు, అడుగున ఒక ఇంగ్లీషు వాచకం. చిన్నపిల్లలు మొదట చదివేది. బెంగళూరు పోయిన కొత్తల్లో కొన్నాడట. మూడో పాఠం దాకా ప్రతి పేజీ అంచున నూనె మరకలున్నాయి, వేలు పెట్టి చదివినచోటల్లా నల్లగా గీత పడింది. నాలుగో పాఠం నుంచి పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. "చెప్పేవాళ్ళు లేక నిలబెట్టేసినాడు" అంది అత్త.

ఆ దొడ్డిలో రెండేళ్ళపాటు నేను ఆయనకు చదివిపెట్టాను. ఆయన నాకు తనకు తెలిసిన ప్రతి అక్షరమూ నేర్పాడు. నేను ఒక్కటీ నేర్పలేదు. నేర్పాలని తోచనే లేదు. చదువు నా ఒక్కదాని దగ్గరే ఉండాలనుకున్నానేమో, ఆ మాట ఒప్పుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది.

ఇప్పటికీ బ్యాంకులోనో ఆసుపత్రిలోనో ఎవరైనా జేబు తడుముకొని, "అద్దాలు మర్సిపోయి వచ్చినానమ్మా, ఇదేందో చూడు" అని కాగితం చాపుతూ ఉంటారు. వాళ్ళ జేబువైపు నేను చూడను. నావీ ఇంట్లోనే ఉండిపోయాయి, ఇద్దరం కలిసి చూద్దాం రండి అని పక్కన కూర్చుంటాను. మొదటి అక్షరం మీద వాళ్ళ వేలే పెట్టిస్తాను.