సంస్కారపు ఆదివారం గుడ్డట్టు

పెదపాడు దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరి చర్చికి పాస్టరు అయ్యగారు నెలకొక ఆదివారమే వస్తారు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆయనే చూసుకోవాలి. ఆయన వచ్చిన రోజే సంస్కారం, అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం. అవి తీసుకునేదాకా అమ్మమ్మ మంచినీళ్ళు తప్ప ఏమీ నోట పెట్టదు. ఇది నాకు తెలియని సంగతి కాదు. చిన్నప్పుడు హైదరాబాద్ నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా చూసిందే.

ఈ వేసవిలో ఆఫీసు పని ఇంటి నుంచి చేసుకోమన్నారని, ల్యాప్‌టాప్ పట్టుకుని ఆవిడ దగ్గరికి వచ్చాను. ఆవిడకు పాలు పడవు. టీ కూడా పాలు లేకుండానే తాగుతుంది. ఒక ఆదివారం పొద్దున్నే నాకు వంట చేయాలన్న హుషారు పుట్టింది. ఫోన్లో ఏ ఆమ్లెట్ చూసినా పాలు పోయమనో, వెన్న వేయమనో అంటున్నారు. వెతగ్గా వెతగ్గా, పాలకు బదులు రెండు చెంచాల నీళ్ళు పోసేది దొరికింది. ఫోను ఉప్పు డబ్బాకు ఆనించి, ఉల్లిపాయా పచ్చిమిర్చీ సన్నగా తరిగి, గుడ్లు నురగ వచ్చేదాకా గిలక్కొట్టి పెనం మీద పోశాను. మధ్యలో పొంగి, అంచులు ఎర్రగా కాలాయి. ముందు ఫోటో తీశాను.

అమ్మమ్మ అప్పటికే గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచిలో పెట్టుకుంటోంది.

"అమ్మమ్మా, తిను. చుక్క పాలు లేవు."

"అబ్బో, ఎంత బాగా పొంగిందే! మూత పెట్టమ్మా. ఇవాళ సంస్కారం కదా, వచ్చాక తింటాను."

నేను ఫోటో స్టేటస్‌లో పెడుతున్నాను. చివరి రెండు మాటలే చెవిన పడ్డాయి.

"వచ్చాకా? చల్లారితే తోలులా సాగుతుంది! నీకోసమే కదా పొద్దున్నే లేచి చచ్చాను? తింటావా, పారెయ్యనా?"

"అరవకే, పక్కింటోళ్ళు వింటారు. ఇలా తే."

సంచి కుర్చీలో పెట్టి, నిలబడే తినేసింది. ముక్క మిగల్చలేదు. "ఉప్పు సరిపోయింది" అంది. నేనేదో గెలిచినట్టు నా అట్టూ తినేసి, ఫోను చూసుకుంటూ చేపల చెరువు గట్టు వెంట ఆవిడ వెనకే చర్చికి నడిచాను.

అయ్యగారు సంస్కారానికి పిలవగానే చాపల మీద కూర్చున్న మా వరుసలో వాళ్ళు లేచారు. అమ్మమ్మ మోకాళ్ళు పక్కకు తిప్పి దారిచ్చింది.

"ఏవండీ పెద్దమ్మగారూ, రారేంటండీ?" పక్కింటావిడ వంగి అడిగింది.

"పొద్దున్నే తినేశానమ్మా. మా మనవరాలు గుడ్డట్టు వేసింది. నాకు పాలు పడవని నీళ్ళు పోసి చేసింది, ఎంత బాగుందనుకున్నావ్!"

ఎత్తిపొడుపు కాదు. నిజంగా గొప్పగానే చెప్పింది. పొద్దున ఆవిడ అన్న మాట అప్పుడు పూర్తిగా వినబడింది నాకు. చేతిలో ఫోను, ఆ ఫోటో ఎంత బాగుందో చెబుతూ మోగుతూనే ఉంది.

"నువ్వెళ్ళవే" అని అమ్మమ్మ నన్ను మోచేత్తో పొడిచింది.

"నేనూ తిన్నాగా."

"కుర్రదానివి, నీకా పట్టింపు లేదుగా. వెళ్ళు."

లేవలేకపోయాను. అయ్యగారు రొట్టె ఒక్కొక్కరి చేతిలో పెడుతుంటే అమ్మమ్మ కళ్ళు ఆ చేతుల వెంటే వెళ్తున్నాయి.

"మళ్ళీ ఎప్పుడొస్తారు అమ్మమ్మా?" తెలిసే అడిగాను.

"వచ్చే నెలే" అంది, అటే చూస్తూ.

క్షమించమని అడుగుదామనుకున్నాను. ముందు మోగుతున్న ఫోను ఆపేశాను.