చప్పుడు చేసి చూపించమనే మేస్త్రీగారు

మొన్న సోమవారం పొద్దున్నే మొక్కలకు నీళ్ళు పెడుతుంటే కబురొచ్చింది, మా బండి బాగుచేసే మేస్త్రీగారు పోయారని. పైపు చేతిలోనే ఉండిపోయింది. కుండీ నిండి నీళ్ళు కాళ్ళ మీద పడుతున్నా తెలియలేదు. మీలో చాలామందికి ఆయనెవరో తెలియదు. తెలియాలనే ఇది రాస్తున్నాను.

కడియంలో మాకు చిన్న నర్సరీ, మొక్కలు వేసుకెళ్ళడానికి ఒక పాత పికప్ వ్యాను. తోలేది మా ఆయన, పక్కన కూర్చుని దాని మూలుగులు వినేది నేను. ముందు చక్రాల దగ్గర ఏ చప్పుడొచ్చినా రాజమండ్రి శివార్లలోని మేస్త్రీగారి రేకుల షెడ్డుకే పోయేవాళ్ళం.

వెళ్ళగానే "బేరింగు పోయిందండీ" అంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. "పేరు నేను పెడతానండి. మీరు చప్పుడు చేసి చూపించండి" అనేవారు. ఎంతటి మోతుబరులైనా అక్కడ నిలబడి "కిర్రు కిర్రు", "డబ డబ" అని నోటితో చెయ్యాల్సిందే. ఎవరైనా నవ్వితే ఆయనకు ఒళ్ళు మండేది. తర్వాత ప్రశ్నలు: తిప్పినప్పుడా, తిన్నగా పోతున్నప్పుడా? లోడుతోనా, ఖాళీగానా? అప్పుడు బండిని నెమ్మదిగా నడపమని, బానెట్ మీద అరచెయ్యి ఆనించి పక్కనే నడిచేవారు. చెవికంటే చెయ్యే ముందు చెబుతుందట.

చాలా ఏళ్ళ కిందట ఎడమ చక్రం దగ్గర ఒక చప్పుడు మొదలైంది. గోతిలో దిగి స్టీరింగు తిప్పినప్పుడు మాత్రమే వచ్చేది. మా ఆయన కొట్టిపారేశారు. "ఈవిడకి అన్నీ చప్పుళ్ళేనండి మేస్త్రీగారూ!"

"మీ ధ్యాస రోడ్డు మీద ఉంటదండి. పక్కన కూర్చున్నావిడకి బండి మీద ఉంటది. మీరాగండి" అని నావైపు తిరిగారు. "అమ్మాయిగారూ, మీరు చెయ్యండి."

సిగ్గుపడుతూనే "టుక్కు" అన్నాను. షెడ్డులో ఎవ్వరూ నవ్వలేదు.

జాకీతో బండి ఎత్తి చక్రాన్ని ఊపి చూశారు. కదల్లేదు. షాకబ్జర్ల రబ్బరు బుష్షులే అరిగాయనుకుని, అవి మార్చి పంపించారు. దారిలోనే మళ్ళీ టుక్కు! చెబితే, "మేస్త్రీగారికంటే నీకెక్కువ తెలుసా?" అని మా ఆయన కసిరారు. మూతి ముడుచుకుని ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానా అని ఇప్పటికీ నా మీద నాకే కోపం.

మర్నాడు పొద్దున్న తుని ఊరికి మొక్కల లోడు. మా ఆయన ఒక్కరే వెళ్ళాలి, అదీ మొదట చాలాదూరం కాలవ గట్టు మీదుగా. ఇంజను స్టార్టు చేశారో లేదో, గేటులోంచి ఒక సైకిలు దూసుకొచ్చి బండికి అడ్డంగా ఆగింది. మేస్త్రీగారు! మాకప్పటికి ఫోను లేదు. రాజమండ్రి నుంచి తొక్కుకుంటూ వచ్చారు. కుడిచేతికి అన్నం మెతుకులు ఎండిపోయి ఉన్నాయి.

"ఆపండి బాబూ! దిగండి ముందు!"

చద్దన్నం తింటుంటే తట్టిందట. నిన్న జాకీని బండి అడుగు చట్రం, అదే ఛాసీ కింద పెట్టారు, చక్రాన్ని పట్టుకునే ఆర్మ్ కింద పెట్టాల్సింది. ఛాసీ కింద పెడితే స్ప్రింగు బిగదీసి, అరిగిన బాల్ జాయింటు కూడా గట్టిగానే ఉన్నట్టు కనబడుతుందట. ఆ చక్రం నిలబడేదే ఆ జాయింటు మీద. ఈసారి సరైన చోట జాకీ పెట్టి, చక్రం కింద రాడ్డు వేసి ఎత్తితే, ఊడబోయే పన్నులా కదిలింది. గట్టు మీద అది ఊడి ఉంటే మనిషితో సహా బండి కాలవలోకే.

"నాదే తప్పండి. అమ్మాయిగారు సరిగ్గానే చెప్పారు, నేనే సరిగ్గా చూడలేదు" అన్నారు, కూలివాళ్ళందరూ వింటుండగానే. అంత పేరున్న మనిషి! మా ఆయన చెంబు తెచ్చి మేస్త్రీగారి చేతికి నీళ్ళు పోశారు.

ఆ తర్వాత పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ ఈ సంగతి ఆయనే చెప్పేవారు. "జాకీ ఎక్కడ పెట్టారో చూసుకోండయ్యా, నేనోసారి తప్పు చేశాను" అని. తప్పు దాచుకోవడం ఆయనకు చేతకాలేదు. అందుకే ఆయనకు దణ్ణం పెడుతున్నాను.

సోమవారం మధ్యాహ్నం ఆయన్ని తీసుకెళ్ళారు. మేం ఆడవాళ్ళం వీధి చివరే ఆగిపోయాం. పాడె మోసినవాళ్ళలో వెనకవైపు మా ఆయన. ఎండకి చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా, ఏడుస్తూ ఆ వీపునే చూస్తూ నిలబడ్డాను.